మస్టాంగ్ వెనుక ఇరుసులో మోత: ఎక్స్‌ఎల్-3 సీసా, కార్బన్ క్లచ్ కిట్‌ల సమీక్ష

ఇక్కడ సమీక్షిస్తున్నవి రెండు వస్తువులు. మొదటిది ఫోర్డ్ సంస్థ మోటార్‌క్రాఫ్ట్ పేరుతో అమ్మే ఎక్స్‌ఎల్-3 అనే ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే గేర్ ఆయిల్‌లో కలిపి ఘర్షణ తీరును మార్చే మందు. 118 మిల్లీలీటర్ల చిన్న సీసాలో వస్తుంది. రెండవది అదే సంస్థకు చెందిన ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ విభాగం అమ్మే ట్రాక్షన్-లాక్ రీబిల్డ్ కిట్, కార్బన్ పలకలతో వచ్చే ఎం-4700-సి. ట్రాక్షన్-లాక్ అంటే ఫోర్డ్ వారి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసే అమరిక. ఈ రెండింటినీ నేను 2003 నాటి మస్టాంగ్ జీటీలో వాడాను. అది 4.6 లీటర్ల వీ8 ఇంజిను, 260 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్ బాక్సు గల కారు. వెనుక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు, దాని మధ్యలో 8.8 అంగుళాల క్రౌన్ వీల్ (పినియన్ అనే చిన్న గేరు తిప్పే పెద్ద పళ్ల చక్రం), 3.27 నిష్పత్తి. సీసా ఖరీదు ఒకసారి పెట్రోలు ట్యాంకు నింపించుకునే ఖర్చు కన్నా చాలా తక్కువ. కిట్ ఖరీదు దానికి ఎన్నో రెట్లు. నా అభిప్రాయంలో ఆ సీసా మోతను మాన్పడం కన్నా మోత ఎక్కడిదో చెప్పడంలోనే ఎక్కువ విలువైనది. దాన్ని ముందుగా వాడకుండా కిట్ కొనడం డబ్బు విషయంలో తొందరపాటు. అది పోసినా మోత తగ్గకపోతే మరో సీసా, ఆపైన ఇంకో సీసా పోస్తూ పోవడం అంతకన్నా పెద్ద తొందరపాటు.

టెక్సాస్‌లో వాడిన కారుగా కొన్నప్పటి నుంచే ఈ బండికి ఒక అలవాటు ఉండేది. పది మైళ్లు నడిచి వేడెక్కిన తర్వాత అపార్ట్‌మెంటు పార్కింగులోకి స్టీరింగును పూర్తిగా తిప్పి మెల్లగా మళ్లించేటప్పుడు వెనుక సీటు కింద నుంచి గరగరమనే ఒరిపిడి, దానితో పాటు సీటు అదిరేటంత కుదుపు వచ్చేది. నేరుగా వెళ్లేటప్పుడు ఏ చప్పుడూ లేదు. పాత యజమాని ఇచ్చిన కాగితాలలో ఒక వర్క్‌షాపు రసీదు దొరికింది. వెనుక ఇరుసులో గేర్ ఆయిల్ మార్చినట్టు అందులో రాసి ఉంది, కానీ మాడిఫయర్ పోసినట్టు ఎక్కడా లేదు. మరో వర్క్‌షాపులో చూపిస్తే, మూత కూడా విప్పకుండానే, క్రౌన్-పినియన్ సహా ఇరుసు మొత్తం మార్చాలని అంచనా రాసి ఇచ్చారు. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివితే ఎక్కడ మొదలు పెట్టాలో తెలిసిపోయింది.

ఈ చప్పుడు ఎందుకు పుడుతుందో అర్థం కావాలంటే ట్రాక్షన్-లాక్ లోపల ఏముందో కొంత తెలియాలి. మామూలు డిఫరెన్షియల్‌లో (ఇంజిను శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల అమరికలో) మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగడానికి వీలుగా ఒక్కో చక్రపు షాఫ్టుకు బిగిసిన సైడ్ గేర్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. అందువల్లనే ఒక చక్రం ఇసుకలోనో తడి గడ్డిమీదనో జారితే శక్తి అంతా ఆ జారే చక్రానికే పోతుంది. లిమిటెడ్ స్లిప్ రకంలో ఒక్కో సైడ్ గేరు వెనుక ఒక క్లచ్ కట్ట ఉంటుంది: సైడ్ గేరు పళ్లకు బిగిసి దానితో తిరిగే రాపిడి పలకలు, వాటి మధ్య మధ్య డిఫరెన్షియల్ కేసుకు చెవులతో బిగిసిన ఉక్కు పలకలు. రెండు సైడ్ గేర్ల నడుమ ఉన్న ఇంగ్లీషు 'ఎస్' ఆకారపు స్ప్రింగు వీటిని ఎప్పుడూ కొంత ఒత్తి ఉంచుతుంది. ఇంజిను శక్తి పెరిగినకొద్దీ గేర్లు ఒకదానినొకటి తోసుకోవడం వల్ల ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అంటే ప్రతి మలుపులోనూ ఈ పలకలు ఒకదానిమీద ఒకటి జారి తీరాలి. అవి మెత్తగా జారితే మనకు ఏమీ తెలియదు. పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటే ఆ పట్టు-విడుపుల వరుసే గరగర అవుతుంది.

పట్టు-విడుపు ఎందుకు వస్తుందంటే, రెండు ఉపరితలాలు నిశ్చలంగా ఉన్నప్పటి ఘర్షణ అవి జారుతున్నప్పటి ఘర్షణ కన్నా ఎక్కువగా ఉండటం వల్ల. నూనె అందని బావి గిలక కిర్రుమనేదీ ఇందుకే. జీఎల్-5 అనే తరగతికి చెందిన సాధారణ గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఉంటాయి (ఆ ఘాటు వాసన వాటిదే). క్రౌన్ వీల్ మీద పినియన్ పళ్లు తీవ్రమైన ఒత్తిడితో ఒరుసుకుంటూ జారే చోట లోహాన్ని కాపాడటం వాటి పని. క్లచ్ పలకల పట్టు-విడుపును అవి ఆపలేవు. ఫ్రిక్షన్ మాడిఫయర్‌లో ఉండేవి పొడుగాటి అణువులు. వాటి ఒక కొన లోహానికి అంటుకుంటుంది, మిగిలిన తోక పైకి నిలిచి ఉంటుంది. ఆ పలుచని పొర పలకలు కదలడం మొదలుపెట్టే క్షణంలోని ఘర్షణను తగ్గిస్తుంది గనుక పలకలు పట్టుకుని ఊడకుండా ఒకే తీరుగా జారుతాయి. నూనె వేడెక్కి పలచబడినప్పుడు పలకల మధ్య నూనె పొర సన్నబడుతుంది, అప్పుడు భారమంతా ఈ అణువుల పొర మీదనే పడుతుంది; నా కారులో మోత చల్లని ఉదయాలలో లేకుండా సాయంత్రం వేడి మీద రావడానికి కారణం ఇదే.

అయితే వెనుక నుంచి వచ్చే ప్రతి చప్పుడూ క్లచ్ పలకలది కాదు. సీసా కొనడానికి ముందు చప్పుడును గుర్తుపట్టడానికి ఒక సాయంత్రం కేటాయించడం మేలు, ఎందుకంటే ఈ పని ఖర్చు లేనిది. నేరు రోడ్డు మీద ఒకే వేగంలో వెళ్తూ యాక్సిలరేటరు నొక్కినప్పుడు మాత్రమే ఈలలాంటి మోత వస్తే, లేదా కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే, అది క్రౌన్-పినియన్ పళ్ల కలయికకు సంబంధించినది: పళ్లకు శక్తి పడే ముఖం ఒకటి, కాలు తీసినప్పుడు భారం పడే ముఖం మరొకటి. కాలు తీసినప్పుడు ఊళలాంటి శబ్దం వస్తే పినియన్ నట్టు వదులైందేమో, బేరింగులకు ముందుగా ఇచ్చిన బిగువు పోయిందేమో చూడాలి. నొక్కినా తీసినా మారకుండా, కారు వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉండే గుర్రుమనే శబ్దం బేరింగులది. ఇందులోనూ ఒక తేడా ఉంది: 3.27 నిష్పత్తిలో క్రౌన్ వీల్ ఒక్క చుట్టు తిరిగేసరికి పినియన్ మూడు చుట్లకు పైగా తిరుగుతుంది గనుక పినియన్ బేరింగు శబ్దం సన్నగా, కీచుగా ఉంటుంది, డిఫరెన్షియల్ పక్క బేరింగులదీ చక్రాల బేరింగులదీ లావుగా, నెమ్మదిగా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద కారును కొద్దిగా ఎడమకూ కుడికీ ఊపితే చక్రాల బేరింగు శబ్దం ఒక వైపు పెరిగి ఇంకో వైపు తగ్గుతుంది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే గొంతు మారితే అది టైరుదే, ఇరుసును విప్పనక్కరలేదు. గేరు వేసి క్లచ్ వదలగానే ఒక్కసారి 'టక్' మంటే ప్రొపెల్లర్ షాఫ్టు యూనివర్సల్ జాయింటునూ, డిఫరెన్షియల్ లోపలి అడ్డ పిన్ను అరుగుదలనూ అనుమానించాలి. చివరిగా, ఖాళీ పార్కింగులో స్టీరింగును పూర్తిగా తిప్పి నడక వేగంతో వలయాలుగా తిరిగినప్పుడు, ముఖ్యంగా వేడి మీద, గరగరమని ఒరుసుకుంటూ కుదిపితే, అది మాత్రమే క్లచ్ పలకల మోత. నా కారుది ఈ చివరి రకం.

దీనికి తోడు రెండు పరీక్షలు చేశాను. మొదటిది వెనుక టైర్లు రెండూ ఒకే కొలత, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల కలిగినవో కాదో చూడటం. ఒక టైరు కొత్తది, రెండోది అరిగినది అయితే వాటి చుట్టుకొలతలు వేరవుతాయి గనుక నేరు రోడ్డు మీద కూడా పలకలు ఆపకుండా జారుతూనే ఉంటాయి, అలా ఉంటే ఏ మందు పోసినా వృథా. రెండవది పట్టు పరీక్ష. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనుక చక్రం నేల మీద ఉండగా రెండోదాన్ని ఎత్తి, టార్క్ రెంచితో తిప్పాలి. అది కదలడం మొదలుపెట్టడానికి కనీసం 20 పౌండ్-అడుగుల, అంటే 27 న్యూటన్-మీటర్ల బలం కావలసి రావాలి. అంతకన్నా సులువుగా తిరిగితే పలకలో స్ప్రింగో అరిగాయన్నమాట. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: లిమిటెడ్ స్లిప్ ఉన్న కారును ఒక చక్రం మాత్రమే ఎత్తి ఇంజిను నడుపుతూ గేరు వేయకూడదు, నేల మీద ఉన్న చక్రం కూడా శక్తి అందుకుని కారు జాకీ మీద నుంచి దూకుతుంది. నా కారు చక్రం ఆ 20కి ఎంతో దిగువనే తిరిగింది. అంటే మోతకు నూనె కారణం కావచ్చు, అరుగుదల కూడా ఉంది. ఎంత భాగం దేనిదో తేల్చడానికే సీసా.

ఎక్స్‌ఎల్-3 వాడకం కష్టమైనది కాదు. ఇరుసు హౌసింగు మీద ఉన్న నింపే రంధ్రం బిరడాను విప్పి, సీసా పట్టేంత పాత నూనెను గొట్టపు పంపుతో బయటికి లాగి, సీసా మొత్తం పోసి బిరడా బిగించాలి. ఈ ఇరుసుకు కింద నుంచి నూనె దింపే బిరడా లేదు గనుక ఆ పంపు అవసరం. తర్వాత ఖాళీ స్థలంలో ఎడమకూ కుడికీ ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా కొన్ని చుట్లు తిరగాలి. మందు పలకల సందుల్లోకి చేరేది అలా తిరిగినప్పుడే, నేరు రోడ్డు మీద ఎంత దూరం నడిపినా పలకలు జారవు గనుక లోపలికి పోదు. ఈ చుట్లు తిరగకుండా మొదటి మలుపులోనే చప్పుడు విని సీసా పనికిరాదని తీర్మానించేవారు కనిపిస్తారు. అది మందుకు అన్యాయం.

ఫలితం స్పష్టంగా ఉంది. అదే సాయంత్రం మోత సగానికి పైగా తగ్గింది, సీటు కుదుపు పూర్తిగా పోయింది. పాత నూనెలో మాడిఫయర్ లేదన్న అనుమానం దీనితో రుజువైనట్టే. క్రౌన్-పినియన్‌లో లోపం ఉండి ఉంటే ఈ సీసా ఒక్క వీసమెత్తు తేడా కూడా తెచ్చేది కాదు. ఇరుసు మొత్తం మార్చాలన్న అంచనా కాగితం విలువ అక్కడితో తేలిపోయింది. కానీ వేసవి ఎండలో హైవే మీద గంటసేపు నడిపి వెంటనే పార్కింగులో తిప్పితే గరగర మళ్లీ వినిపించేది, సన్నగానే అయినా. ఇక్కడే చాలామంది రెండో సీసా తెస్తారు. అది మంచిది కాదని నా దృఢాభిప్రాయం. మాడిఫయర్ మోతాదు మించితే పలకలు మరీ సులువుగా జారి, లిమిటెడ్ స్లిప్ అన్న పేరుకు అర్థం లేకుండా పోతుంది: చప్పుడు ఉండదు, తడి రోడ్డు మీద ఒక చక్రం ఒంటరిగా గిర్రున తిరగడం మొదలవుతుంది. పైగా లిమిటెడ్ స్లిప్‌కు తగినదని డబ్బా మీద రాసి ఉండే కొన్ని గేర్ ఆయిళ్లలో మాడిఫయర్ ముందే కలిసి ఉంటుంది; వాటి మీద మళ్లీ నిండు సీసా పోయడం అనవసరం. చప్పుడు పోవడాన్నే గెలుపుగా లెక్కపెట్టకుండా, పట్టు నిలిచి చప్పుడు పోయిందా అని చూడాలి.

తర్వాతి అడుగు మూత విప్పడం. వెనుక మూతకు పది బోల్టులు. వాటిని వదులు చేసి కింది అంచును మెల్లగా తెరిస్తే నూనె దిగుతుంది. ఆ నూనెను తెల్లని పళ్లెంలో పట్టి వెలుతురులో చూడటం ఈ పని మొత్తంలో నాకు ఆసక్తిగా అనిపించిన ఘట్టం. అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు మెత్తని పేస్టు మామూలు అరుగుదల; గోరంత పెచ్చులు కనిపిస్తే పళ్లో బేరింగులో విరిగాయన్నమాట. నా నూనెలో పెచ్చులు లేవు, కానీ అయస్కాంతం పట్టని నల్లటి పొడి బాగా ఉంది, అది రాపిడి పలకల పూత రాలిన పొడి. క్రౌన్ వీల్ పళ్ల మీద గాట్లు గానీ నీలి మరకలు గానీ లేవు. కిట్ కొనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు.

కిట్‌లో కార్బన్ పూత గల రాపిడి పలకలు, వాటికి జతగా ఉక్కు పలకలు, మందం సరిచూసుకోవడానికి షిమ్‌లు అనే పలుచని రేకులు వస్తాయి. కార్బన్ పలకలు మామూలు కాగితపు పూత పలకల కన్నా వేడిని ఎక్కువ తట్టుకుంటాయి, పట్టు-విడుపు ధోరణి కూడా వాటిలో తక్కువ. అయినా వీటికీ మాడిఫయర్ కావలసిందే, కార్బన్ కదా అని మానేయకూడదు. బిగించే ముందు పలకలను ఎక్స్‌ఎల్-3లో కనీసం పావుగంట నానబెట్టాలి, లేకపోతే మొదటి మలుపుల్లో అవి పొడిగా ఒరుసుకుంటాయి. కాబట్టి కిట్ కొనేవారు రెండు సీసాలు తెచ్చుకోవాలి, ఒకటి నానబెట్టడానికి, ఒకటి నూనెలో కలపడానికి. నానబెట్టినదాన్ని కూడా నూనెలోనే పోసే పక్షంలో లెక్క మీరకుండా చూసుకోవాలి.

ఈ పనిలో సంతోషం కలిగించే సంగతి ఏమిటంటే, డిఫరెన్షియల్ కేసును హౌసింగు నుంచి బయటికి తీయకుండానే క్లచ్ కట్టలను మార్చవచ్చు. వెనుక బ్రేకులు విప్పి, అడ్డ పిన్నును పట్టి ఉంచే తాళపు బోల్టును తీసి, పిన్నును బయటికి జార్చి, ఇరుసు షాఫ్టులను లోపలికి తోస్తే వాటి కొనల మీద ఉన్న 'సి' ఆకారపు క్లిప్పులు ఊడివస్తాయి. తర్వాత షాఫ్టులను బయటికి లాగవచ్చు. క్రౌన్ వీల్, పక్క బేరింగులు, వాటి షిమ్‌లు కదలవు గనుక పళ్ల మధ్య సందు ఎప్పటిలాగే ఉంటుంది, మళ్లీ కొలిచి సరిచేసే పని ఉండదు. కేసును బయటికి తీయడమే మంచిదనుకునేవారు బేరింగు టోపీలకు ఎడమ-కుడి గుర్తులు పెట్టుకోవాలి, షిమ్‌లను ఏ పక్కవి ఆ పక్కనే తిరిగి పెట్టాలి. అవి తారుమారైతే అంతకు ముందు లేని ఈల కొత్తగా పుడుతుంది. మలుపుల్లో గరగరను బాగుచేయించుకోవడానికి పోయి నేరు రోడ్డు మీద మోతను తెచ్చుకునేవారి సంగతి చాలావరకు ఇదే.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. అడ్డ పిన్ను తాళపు బోల్టు సన్నగా ఉంటుంది, ఏళ్ల తరబడి కదలక బిగిసి ఉంటుంది. బలంగా తిప్పితే తల ఊడి ముక్క లోపల ఉండిపోతుంది, దాన్ని డ్రిల్లుతో తీయడం ఈ మొత్తం పని కన్నా కష్టం. కొద్దిగా వేడి చూపి, వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీయాలి. బిగించేటప్పుడు కొత్త బోల్టుకు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాసి వేయాలి. ఇక 'ఎస్' స్ప్రింగు. దాన్ని ఉలిలాంటి కడ్డీతో కొట్టి బయటికి తోస్తారు, అది బిగువు వదిలి ఎగిరి వస్తుంది. రక్షణ కళ్లజోడు లేకుండా ఆ పనికి కూర్చోకూడదు. దాన్ని తిరిగి ఎక్కించడంలో నా చేతి తోలు కొంత పోయింది, కానీ అది కిట్ తప్పు కాదు, ఈ నిర్మాణం స్వభావమే అది.

మూతను పాత సీలెంటు అంతా గీకి, కొత్త సిలికాన్ రాసి బిగించాను. కొత్తగా పోసినది 75డబ్ల్యూ-140 సింథటిక్ గేర్ ఆయిల్, రెండు లీటర్లకు కాస్త అటూ ఇటూ, అందులో ఒక సీసా ఎక్స్‌ఎల్-3. గ్రేడు విషయంలో మాత్రం నన్ను అనుసరించవద్దు: మస్టాంగ్‌లలోనే ఏడాదిని బట్టి అది మారింది, మీ కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. ఎనిమిది అంకె చుట్లు తిరిగిన తర్వాత పట్టు పరీక్ష మళ్లీ చేస్తే రెంచి 20 దాటి చాలా పైకి వెళ్లింది. వేడి మీద, పూర్తి మలుపులో, కిటికీలు దించి విన్నా గరగర లేదు. వర్షంలో సిగ్నలు దగ్గర కొంచెం తొందరగా క్లచ్ వదిలితే ఇప్పుడు వెనుక రెండు టైర్లూ ఒకేసారి జారుతున్నాయి. ఇంతకు ముందు ఒక్కటే జారేది. కారు తోక పక్కకు జరిగే అవకాశం పెరిగిందని దీనికి మరో అర్థం కూడా ఉంది, కాబట్టి పట్టు పోయిన డిఫరెన్షియల్‌కు అలవాటుపడిన కాలు కొత్తదానితో కొన్నాళ్లు నెమ్మదిగా ఉండాలి.

ఈ రెండు వస్తువులు ఎవరికి పనికిరావో కూడా చెప్పాలి. టార్సెన్ తరహాలో గేర్లతోనే పట్టు సాధించే డిఫరెన్షియల్ ఉన్న కార్లకు క్లచ్ పలకలు ఉండవు, వాటికి ఈ సీసా అవసరం లేదు. మీ కారులో ఏ రకం ఉందో తెలియకపోతే, రెండు వెనుక చక్రాలూ ఎత్తి ఇంజిను ఆపి న్యూట్రల్‌లో ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే దిక్కుకు తిరిగితే లిమిటెడ్ స్లిప్ ఉండి పని చేస్తున్నట్టు, ఎదురు దిక్కుకు తిరిగితే అది మామూలుదో బాగా అరిగిపోయినదో అయి ఉంటుంది. గేర్లతో పట్టు సాధించే రకాలు కొన్ని ఈ పరీక్షలో మామూలు డిఫరెన్షియల్ లాగానే తిరుగుతాయి గనుక కారు పుస్తకాన్నీ ఇరుసు మీది ట్యాగునూ కూడా చూడాలి. 2016 నుంచి భారతదేశంలో అమ్మిన మస్టాంగ్ జీటీలో వెనుక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ ఉంది, అందులో గట్టి ఇరుసు గానీ 'సి' క్లిప్పులు గానీ లేవు. హైదరాబాదులో ఆ కారు ఉన్నవారికి ఇక్కడి చప్పుళ్ల గుర్తింపు ఉపయోగపడుతుంది గానీ విప్పే పద్ధతి ఉపయోగపడదు, పైన చెప్పిన కిట్ కూడా దానికోసం చేసినది కాదు.

సీసాను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఒక్కటి మాత్రమే. కిట్‌ను పట్టు పరీక్షలో 20 కన్నా తక్కువ వచ్చినవారికి, సొంతంగా బ్రేకులు విప్పడం అలవాటున్నవారికి, లేదా మూత విప్పి చూశాకే అంచనా రాసే వర్క్‌షాపు దగ్గరలో ఉన్నవారికి సిఫారసు చేస్తాను. కొత్త పలకలు సర్దుకునేటప్పుడు మొదట్లో కొంత పొడి రాలుతుంది గనుక, కిట్ వేసిన తర్వాతి నూనె మార్పును మామూలు గడువు దాకా ఆపకుండా ముందే చేయించి, అప్పుడు కూడా కొత్త నూనెలో ఒక సీసా ఎక్స్‌ఎల్-3 పోయించి, రసీదులో ఆ రెండో వస్తువు పేరు కూడా రాయించుకోండి.